సంపాదకుని మాట: అలంకారములు – ఆంగ్ల విద్యార్థి

ఇంట తెలుగు మాటలాడి, బడిలో కన్నడము చదివి, కళాశాలలో ఆంగ్లకవిత్వము నెదుర్కొను గుడిబండె, బాగేపల్లి, చింతామణి ప్రాంతముల విద్యార్థికి సిమిలీ, మెటఫర్, ఐరనీ యను పేరులు పరీక్షకై వల్లెవేయవలసిన పట్టికగానే తోచుచుండును. కాని యీ విచారణ మన నేలకు క్రొత్తది కాదు: దండి కావ్యాదర్శము నాశ్రయించి 9వ శతాబ్దమున కన్నడమునందు కవిరాజమార్గము వెలసినది, తెలుగున విన్నకోట పెద్దన కావ్యాలంకార చూడామణిని రచించెను, మన చెంతనే కైవారము తాతయ్య యీ రెండు భాషలందును గానము చేసెను.

‘బైరసాగరము అద్దమువలె నిర్మలముగా నున్నది’ యన్నచో, చెరువు ఉపమేయము, అద్దము ఉపమానము, నిర్మలత్వము సమానధర్మము, ‘వలె’ ఉపమావాచకము; నాలుగంగములును గల యిది పూర్ణోపమ. ‘ఈ చెరువే అద్దము’ అని యభేదము చెప్పినచో రూపకము. సిమిలీ, మెటఫర్లకు గల భేదమును స్థూలముగా నిదియే.

అయినను సర్వత్ర సామ్యము వెదకరాదు. మన ప్రాస పాదమునందలి రెండవ యక్షరము నాశ్రయించియుండగా, ఆంగ్లేయుల రైము సాధారణముగా పాదాంతమున నుండును. ఐరనీ నంతటిని, నిందవలె తోచు స్తుతియో స్తుతివలె తోచు నిందయో యగు వ్యాజస్తుతిలో నిముడ్చజాలము. పాత్ర యెరుగని సంగతిని ప్రేక్షకుడెరిగియుండుటయు నందొక భేదమే గదా!

కావున నీ సంచికలోని వ్యాసములందు నిర్వచనమునకు ముందు ఉదాహరణమునే నిలిపితిమి. విద్యార్థులు తొలుత పద్యమందలి చమత్కారమును గ్రహించి, పిమ్మట దానికి పేరు పెట్టుట యలవరచుకొందురు గాక.