వార్డుల పునర్విభజన: ఏలూరు, తాడేపల్లిగూడెం ఓటర్లు తెలుసుకోవాల్సింది ఏమిటి?

తాడేపల్లిగూడెం ఓటర్లు తమ కౌన్సిలర్లను ఎన్నుకోవడానికి చివరిసారి పోలింగ్ కేంద్రానికి వెళ్లింది 2014 మార్చి 30న. ఆ పాలకవర్గం గడువు 2019 జూలైలో ముగిసింది. 2021 మార్చిలో రాష్ట్రంలో 12 నగరపాలక సంస్థలకు, 75 పురపాలక సంఘాలు, నగర పంచాయతీలకు ఎన్నికలు జరిగితే, ఆ జాబితాలో తాడేపల్లిగూడెం పేరు లేదు. పొరుగునున్న భీమవరం, తణుకు, పాలకొల్లు పేర్లు కూడా లేవు. చుట్టుపక్కల గ్రామాల విలీనం, దానిపై కోర్టు వివాదాలే ఇందుకు కారణం.

ఏలూరులో కథ ఇంకోలా నడిచింది. అక్కడ 2021 మార్చి 10న పోలింగ్ జరిగింది. కానీ ఓటర్ల జాబితాలో తప్పులున్నాయంటూ కొందరు హైకోర్టుకు వెళ్లడంతో లెక్కింపు ఆగిపోయింది. మే 7న డివిజన్ బెంచ్ అనుమతి ఇచ్చాక, జూలై 25న ఓట్లు లెక్కించారు. అంటే ప్రజలు వేసిన ఓట్లు నాలుగున్నర నెలలు పెట్టెల్లోనే ఉన్నాయి.

రెండు చోట్లా ప్రశ్న ఒక్కటే. గీత లోపల ఎవరు, బయట ఎవరు? వార్డుల పునర్విభజన అనగానే అది అధికారులు, పార్టీ నాయకులు చూసుకునే లెక్కల వ్యవహారం అనిపిస్తుంది. కానీ మీ వీధి కుళాయికి నీళ్లు రానప్పుడు అడగడానికి ఒక కౌన్సిలర్ ఉంటారా, ఉంటే ఆయన ఎన్ని వేల మందికి జవాబు చెప్పాలి అన్నది తేలేది ఇక్కడే.

ఒక మాట, మూడు నిర్ణయాలు

పునర్విభజన అనే ఒకే మాట కింద మూడు వేర్వేరు నిర్ణయాలు ఉంటాయి. మొదటిది పట్టణం బయటి హద్దు. ఏ పంచాయతీని కలపాలి, దేన్ని వదిలేయాలి అన్నది రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. రెండోది సభ్యుల సంఖ్య. జనాభాను బట్టి ఏ పట్టణానికి ఎన్ని వార్డులో చట్టం, దాని కింద వచ్చే ఉత్తర్వులు చెబుతాయి. మూడోది లోపలి గీతలు. ఏ వీధి ఏ వార్డులోకి వెళ్లాలో మునిసిపల్ కమిషనర్ యంత్రాంగం ముసాయిదా తయారు చేస్తే, అభ్యంతరాలు విన్నాక తుది నోటిఫికేషన్ వస్తుంది.

ఇవి పూర్తయ్యాకే వార్డుల వారీ ఓటర్ల జాబితా, రిజర్వేషన్లు ఖరారవుతాయి. ఆ తర్వాత ఎన్నిక జరపడం రాష్ట్ర ఎన్నికల సంఘం పని. ముందు మెట్టు దగ్గర వివాదం వస్తే, వెనుక ఉన్నవన్నీ ఆగుతాయి. తాడేపల్లిగూడెంలో బండి మొదటి మెట్టు దగ్గర ఆగింది. ఏలూరులో ఓటర్ల జాబితా దగ్గర ఆగింది.

ఇక్కడ ఒక తికమక తీర్చుకోవాలి. 2019 అక్టోబరు నుంచి ఉన్న వార్డు సచివాలయాల హద్దు వేరు, ఎన్నికల వార్డు హద్దు వేరు. పట్టణాల్లో సుమారు 4 వేల జనాభాకు ఒక సచివాలయం చొప్పున ఏర్పాటు చేశారు. ఎన్నికల వార్డు మారినంత మాత్రాన మీ పింఛను, రేషన్ కార్డు చూసే సచివాలయం మారాలని లేదు. శాసనసభ నియోజకవర్గాల పునర్విభజన కూడా దీనితో సంబంధం లేని ప్రక్రియ.

ఊరు పెరిగింది, సభ్యులు పెరగలేదు

ఏలూరు 1866లోనే మునిసిపాలిటీ అయింది. 2005లో నగరపాలక సంస్థగా మారింది. 2014 ఎన్నికల్లో 50 డివిజన్లు ఉన్నాయి. ఆ తర్వాత శనివారపుపేట, సత్రంపాడు, చోదిమెళ్ల, తంగెళ్లమూడి, కొమడవోలు, పోణంగి, వెంకటాపురం పంచాయతీలను నగరంలో కలిపారు. 2021లో ఎన్నిక జరిగింది మళ్లీ 50 డివిజన్లకే.

2011 లెక్కల ప్రకారం పాత నగరం జనాభా 2.14 లక్షలు. 50తో భాగిస్తే ఒక కార్పొరేటర్‌కు సగటున 4,300 మంది. ఏడు ఊళ్లు కలిశాక భాజ్యం పెరిగింది, భాజకం అలాగే ఉంది. పాత నగరంలోని డివిజన్లు కొన్ని కుదించుకుపోయి ఒకదానిలో ఒకటి కలవాలి. అప్పుడే కొత్త ఊళ్లకు చోటు దొరుకుతుంది.

కలిసిన ఊళ్ల వైపు నుంచి చూస్తే తేడా ఇంకా పెద్దది. పంచాయతీ చట్టం ప్రకారం ఒక గ్రామానికి సర్పంచితో పాటు కనీసం 5 నుంచి గరిష్ఠంగా 21 మంది దాకా వార్డు సభ్యులు ఉంటారు. విలీనం తర్వాత ఆ ఊరికి ఒకరో ఇద్దరో కార్పొరేటర్లు మిగులుతారు. గ్రామీణ ఉపాధి హామీ పనులు పోతాయి. పన్ను పట్టణ లెక్కలోకి వస్తుంది. దానికి బదులుగా మంచినీటి పైపులైను, డ్రైనేజీ, వీధి దీపాలు వస్తాయన్నది విలీనం చేసేటప్పుడు చెప్పే మాట. పన్ను ముందు వచ్చి పైపు తర్వాత వస్తే, ఆ ఊరి తరఫున కౌన్సిల్‌లో గొంతెత్తేవారు ఎంతమంది అన్నది చిన్న విషయం కాదు.

కొల్లేరు అంచునున్న ఆకివీడుది మరో దారి. అది పంచాయతీ నుంచి నగర పంచాయతీగా మారింది. 2021 నవంబరు 15న 20 వార్డులకు మొదటి ఎన్నిక జరిగింది. ఊరు ఊరుగానే ఉండి హోదా మారితే ప్రతినిధుల సంఖ్య పెద్దగా తగ్గదు. పెద్ద పట్టణంలో కలిసిపోతేనే తగ్గుతుంది. విలీనం మీద అభ్యంతరం చెప్పేవారందరూ అభివృద్ధికి అడ్డం అనుకోవడం అందుకే సరికాదు.

ఎంతమందికి ఒకరు ఉండాలి?

దీనికి అంతటా చెల్లే లెక్క లేదు. తాడేపల్లిగూడెంలో 2014 నాటి 35 వార్డులను 2011 జనాభా 1.04 లక్షలతో చూస్తే, ఒక్కో కౌన్సిలర్‌కు దాదాపు 3 వేల మంది. హైదరాబాద్‌లో 150 డివిజన్లు ఉన్నప్పుడు, అవే లెక్కల ప్రకారం ఒక్కో కార్పొరేటర్‌కు దాదాపు 45 వేల మంది. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో 11 లక్షలకు పైగా జనాభాకు 101 మంది కౌన్సిలర్లు, అంటే ఒకరికి సుమారు 11 వేల మంది.

సభ్యులు ఎక్కువైతే ఓటరుకు దగ్గరగా ఉంటారు. అదే సమయంలో గౌరవ వేతనాల ఖర్చు పెరుగుతుంది, నిధులు చిన్న చిన్న ముక్కలవుతాయి. తక్కువైతే ఒక్కొక్కరి మీద భారం పెరుగుతుంది. ఒక పట్టణానికీ మరో పట్టణానికీ తేడా ఉన్నా ఫరవాలేదు. ఒకే పట్టణంలో వార్డుకూ వార్డుకూ తేడా ఉండకూడదన్నది అసలు సూత్రం.

ఉదాహరణకు 60 వేల జనాభా, 30 వార్డులు ఉన్న పట్టణాన్ని తీసుకుందాం. సగటు 2 వేలు. ఒక వార్డులో 1,200 మంది, పక్క వార్డులో 2,800 మంది ఉంటే, మొదటి వార్డువారి ఓటు విలువ రెండో వార్డువారి ఓటుకు రెట్టింపు కంటే ఎక్కువ. అందుకే సగటు కంటే 10 శాతం అటూ ఇటూ మించకూడదన్న కొలత వాడతారు. హైదరాబాద్ డివిజన్ల విభజనకు ఉన్నది ఈ కొలతే. మన ఉదాహరణలో అది 1,800 నుంచి 2,200 మధ్య.

లెక్క ఏ సంవత్సరానిది?

ఇక్కడే పెద్ద చిక్కు. రాజ్యాంగం ప్రకారం జనాభా అంటే చివరిగా ప్రచురించిన జనగణన లెక్కలు. అంటే నేటికీ 2011వే. తాడేపల్లిగూడెంలో నిట్ వచ్చింది 2015లో. ఏలూరు శివార్లలో పొలాలు లేఅవుట్లయ్యాయి. కాగితం మీద సమానంగా ఉన్న రెండు వార్డుల్లో ఒకదాంట్లో జనం రెట్టింపై ఉండొచ్చు. పాత లెక్కతో గీసిన గీత ఎప్పుడూ శివారు కాలనీకి నష్టం చేస్తుంది. ఎందుకంటే కొత్త జనం చేరేది అక్కడే.

తదుపరి జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. దానికోసం 2026 జనవరి 1 నుంచి 2027 మార్చి 31 వరకు జిల్లాలు, మండలాలు, గ్రామాలు, పట్టణాల హద్దులు మార్చకూడదని జనగణన శాఖ రాష్ట్రాలకు తెలిపింది. బయటి హద్దు మీద తేలని వివాదం ఉన్న పట్టణాలకు ఇది గట్టి షరతు. మరోవైపు 2021 మార్చిలో ఎన్నికైన పాలకవర్గాల అయిదేళ్ల గడువు 2026 మార్చితో, ఆలస్యంగా కొలువుదీరిన ఏలూరు పాలకవర్గం గడువు అదే ఏడాది జూలై చివరితో ముగుస్తాయి.

పునర్విభజన పేరుతో ఎన్నిక ఆపవచ్చా?

ఆపకూడదనే చట్టం చెబుతోంది. గడువు ముగిసేలోగా ఎన్నిక పూర్తి కావాలని రాజ్యాంగంలోని 243యూ అధికరణం స్పష్టంగా చెబుతోంది. వార్డుల విభజన సాగుతోందన్నది వాయిదాకు సాకు కాకూడదని అహ్మదాబాద్ నగరపాలక సంస్థ కేసులో 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. మధ్యప్రదేశ్ కేసులో 2022 మేలో మళ్లీ అదే చెప్పింది. విభజన పూర్తికాకపోతే పాత వార్డులతోనే ముందుకు వెళ్లాలన్నది ఈ తీర్పుల సారం.

అయినా ఆచరణలో ఏం జరుగుతోందో తాడేపల్లిగూడెం చెబుతోంది. పాలకవర్గం లేనప్పుడు ప్రత్యేకాధికారి ఉంటారు. పనులు పూర్తిగా ఆగవు. బడ్జెట్ ఆమోదం పొందుతుంది, టెండర్లు పిలుస్తారు. కానీ ఫలానా వీధికి ఎందుకు రాలేదని సభలో నిలబడి అడిగేవారు ఉండరు. 2020 డిసెంబరులో ఏలూరులో 600 మందికి పైగా ఒక్కసారిగా మూర్ఛతో పడిపోయి ఆసుపత్రుల పాలయ్యారు. నీళ్లా, కూరగాయలా, పురుగుమందులా అని ఊరంతా భయపడిన ఆ రోజుల్లో 50 డివిజన్లలో ఒక్క కార్పొరేటర్ కూడా పదవిలో లేరు. కార్పొరేటర్లు ఉంటే జబ్బు వచ్చేది కాదని ఎవరూ అనరు. వీధి వీధికీ తిరిగి జవాబు చెప్పాల్సిన మనిషి అంటూ ఒకరుండేవారు.

గీసేది ఎవరు?

ఇంగ్లండ్‌లో ఈ పనికి ప్రభుత్వంతో, పార్టీలతో సంబంధం లేని సరిహద్దుల కమిషన్ ఉంది. అది 2010 నుంచి పనిచేస్తోంది. ముందు ఎంతమంది కౌన్సిలర్లు కావాలో తేల్చి, ఆ తర్వాతే గీతలు గీస్తుంది. ఓటర్ల సమానత్వం, స్థానికుల కలివిడి, పాలనకు అనువు అనే మూడు కొలమానాలు చూస్తుంది. ఇప్పటి ఓటర్లతో ఆగకుండా కొన్నేళ్ల తర్వాత ఎంతమంది ఉంటారో అంచనా వేస్తుంది. మన దేశంలో కేరళ కూడా ఈ పనిని రాష్ట్ర ఎన్నికల కమిషనర్ అధ్యక్షతన ఉండే కమిషన్‌కు అప్పగించింది.

ఆంధ్రప్రదేశ్‌లో గీతలు గీసేది ప్రభుత్వ యంత్రాంగమే. అధికారంలో ఏ పార్టీ ఉన్నా, గీత తమకు అనుకూలంగా పడేలా చూశారన్న ఆరోపణ ప్రతిపక్షం నుంచి రావడం మామూలైపోయింది. రిజర్వేషన్ కూడా గీత మీదే ఆధారపడుతుంది. ఎస్సీ జనాభా ఎక్కువగా ఉన్న పేటను ఒకే వార్డులో ఉంచితే అది రిజర్వు కావచ్చు. రెండుగా చీల్చి అటూ ఇటూ కలిపితే రెండు చోట్లా కాకపోవచ్చు. గీసినవారి ఉద్దేశం ఏదైనా ఫలితం అదే.

ముసాయిదా వచ్చినప్పుడు ఏం చూడాలి?

ముసాయిదా కార్యాలయ నోటీసు బోర్డు మీద, పత్రికల్లో వస్తుంది. అభ్యంతరాలకు ఇచ్చే గడువు రోజుల లెక్కలోనే ఉంటుంది. రాజ్యాంగంలోని 243జెడ్‌జీ అధికరణం వార్డుల విభజన విషయంలో కోర్టుల జోక్యానికి హద్దు పెట్టింది. కాబట్టి తుది నోటిఫికేషన్ తర్వాత పోరాడటం కంటే, ముసాయిదా దశలో రాసిచ్చే ఒక్క కాగితానికే విలువ ఎక్కువ.

ముందుగా ప్రతి వార్డు జనాభా సగటుకు ఎంత దూరంలో ఉందో చూడండి. తర్వాత హద్దులు చదవండి. ఇంటి దస్తావేజులో రాసినట్టే వార్డుకూ నాలుగు దిక్కులా హద్దులు రాస్తారు. ఏలూరులో తమ్మిలేరు, కాలువ, తాడేపల్లిగూడెంలో రైలు పట్టాలు సహజమైన హద్దులు. వాటిని దాటి అవతలి రెండు వీధులను ఇవతలి వార్డులో కలిపితే, ఎందుకని అడగండి. ఒకే వీధిలో ఎదురెదురు ఇళ్లు రెండు వార్డుల్లో పడ్డాయా, ఏ ఇంటి నంబర్లయినా ఏ వార్డులోనూ లేకుండా పోయాయా చూసుకోండి.

అభ్యంతరం రాసేటప్పుడు అన్యాయం జరిగిందని మాత్రమే రాస్తే పక్కన పెట్టడం తేలిక. ఫలానా వీధిని ఫలానా వార్డులోకి మార్చితే రెండు వార్డుల జనాభా ఎంతెంత అవుతుందో అంకెలతో రాయండి. కాగితం ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. ఓటర్ల జాబితా ముసాయిదా వచ్చినప్పుడు మీ పేరు సరైన వార్డులో ఉందో లేదో మళ్లీ చూసుకోండి. ఏలూరులో ఓట్ల లెక్కింపును నెలల తరబడి ఆపింది ఆ జాబితా మీద వచ్చిన వివాదమే.