ఒక మీటరు మిగల్చాలండి

మా మోడెం మీద ఓ చిన్న ఎర్ర లైటు ఉంది. వెలగనంత కాలం దాన్నెవరూ పట్టించుకోరు. వెలిగిందంటే మాత్రం నాకు గుండె దడే. ఇంటి నుంచి పనిచేసేవాళ్లకి ఈ దడ గురించి నేను చెప్పక్కర్లేదు.

పోయిన నెల ఓ సాయంత్రం ఐదున్నరకి అది వెలిగింది. రాత్రి పన్నెండుకి మా టీమ్ రిలీజు. లైను పోవడం వల్ల అప్పటికే ఒక రిలీజుకి నేను అందుబాటులో లేను. ‘ఇంకోసారి ఇలా అయితే బెంగళూరు వచ్చేయాల్సిందే’ అని మా మేనేజరు మర్యాదగానే చెప్పారు. నాన్నకి మోకాలి ఆపరేషన్ అయి మూడు వారాలు. అమ్మ ఒక్కతే చూసుకోలేదని నేను కోనసీమలో మా ఊరొచ్చి కూర్చున్నా. అంటే ఆ ఎర్ర లైటు మీద నా నెట్టే కాదు, నాన్న నడక కూడా ఆధారపడి ఉందన్నమాట.

కారణం వెతకడానికి దూరం వెళ్లక్కర్లేకపోయింది. గడ్డి లోడు ట్రాక్టరొకటి మా వీధి మలుపులో కరెంటు స్తంభాల మీది కేబుల్ని తగిలించుకుని లాక్కుపోయింది. తెగిన కొసలు రెండూ కాలవ గట్టున వేలాడుతున్నాయి.

ఏడింటికి ఓ పాత వ్యాను వచ్చింది. అందులోంచి ఇద్దరు దిగారు. పెద్దాయనకి నలభై దగ్గర పడుతుంటాయి. ఈ పనిలో పదకొండేళ్లట. నేను ఆత్రంగా వెళ్లి, ‘‘అన్నయ్యా, రాత్రికి చాలా ముఖ్యమైన పనుంది. మా లైను కాస్త ముందు కలుపుతారా?’’ అన్నా.

‘‘మీ లైనేదో నాకేం తెలుస్తుందండీ? నాకు రంగులే తెలుసు’’ అన్నాడాయన నవ్వుతూ.

నిజమే. ఆ కేబుల్లో నాలుగు సన్న గొట్టాలు, ఒక్కో గొట్టంలో ఆరు గాజు పోగులు. నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద, తెలుపు. ఈ వరస తప్పకూడదు. ఒక్క పోగు మీద ఒక వీధి వీధంతా ఉండొచ్చు. అందులో నా రిలీజెంత?

నేను ఇంజినీరింగ్ చదివాను. సంపూర్ణ అంతర పరావర్తనం గురించి పరీక్షలో బొమ్మ గీసి మార్కులు కొట్టాను. ఆ పోగుని కళ్లతో చూడటం మాత్రం అదే మొదటిసారి. రంగు పూత తీసేశాక మిగిలే గాజు మందం 125 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. వెలుగు నడిచే మధ్య దారి అందులో 9 మైక్రాన్లే. అలాంటి రెండు దారుల్ని వీధిలో, వ్యానులో కూర్చుని, ఒకదానికొకటి ఎదురుగా నిలబెట్టి అతకాలి.

కేబుల్ పైతోలు ఒలవడంతో పని మొదలైంది. లోపల పసుపుపచ్చ నూలు లాంటి పోగులు, మధ్యలో గట్టి కడ్డీ. ఆ కడ్డీని జాయింట్ బాక్సులో మరతో బిగించాడు. ఎందుకని అడిగితే, ‘‘రేపు మళ్లీ ఎవడైనా లాగాడనుకోండి, బరువు దీని మీద పడాలి. గాజు మీద పడకూడదు’’ అన్నాడు. తర్వాత గొట్టాలు విప్పి, లోపలి జిగురు తుడిచి, ఒక్కో పోగునీ స్పిరిట్‌లో తడిపిన మెత్తటి కాగితంతో శుభ్రం చేశాడు. రాలిన గాజు ముక్కల్ని వెంటనే మూత ఉన్న సీసాలో వేశాడు. అవి కంటికి ఆనవు, చర్మంలో దిగితే బయటికి రావు. అమ్మ పంపిన జంతికలు ఆయన ముట్టుకోలేదు. ‘‘చేతులకి గాజుంటదండి, పని అయ్యాక తింటాను’’ అన్నాడు.

మధ్యలో ఓసారి ఆయన స్తంభం వైపు చూసి, ‘‘ఎవడోగానీ పుణ్యాత్ముడండి’’ అన్నాడు. అక్కడ కేబుల్ చుట్టలు చుట్టి ఉండేది. లైను వేసినప్పుడు ఎవరో అదనంగా వదిలిన మీటర్లు. ఆ చుట్ట విప్పి లాగితేనే తెగిన రెండు కొసలూ కలిశాయి. లేకపోతే మధ్యలో కొత్త ముక్క వేసి రెండు చోట్ల అతకాల్సి వచ్చేది. అంటే పని రెట్టింపు!

పది దాటాక నాన్న గుమ్మంలోంచి ‘‘ఒరేయ్, ఎర్ర లైటు ఆరిపోయిందిరా!’’ అని కేకేశారు. నేను లోపలికి పరిగెత్తి రిలీజుకి అంతా సిద్ధమని మెసేజ్ పెట్టి, ఎందుకో మళ్లీ వ్యాను దగ్గరికే వచ్చా. చివరి గొట్టం మిగిలింది. ‘‘ఈ ఆరూ ప్రస్తుతానికి ఖాళీవేనండి. ఓటి చేస్తారా?’’ అన్నాడు.

పూత ఒలిచా, తుడిచా, క్లీవర్‌లో పెట్టి నొక్కా. గాజుని కోయడం కాదది. గీత పెట్టి విరవడం. కొస తిన్నగా విరగాలి. మొదటిసారి మెషిన్ ఒప్పుకోలేదు, కోణం తప్పంది. రెండోసారి ఒప్పుకుంది. తెర మీద రెండు పోగులూ తూముల్లా పెద్దగా కనిపిస్తూ దగ్గరికి జరిగాయి. చిటుక్కున మెరుపు. రెండూ ఒకటయ్యాయి! నష్టం 0.02 డెసిబెల్ అని చూపించింది. అంటే వెలుగులో వందకి అర వంతు కూడా పోలేదు. నేను గాల్లో తేలిపోతున్నా.

‘‘స్లీవేదండీ?’’ అన్నాడాయన.

అతుకుని కాపాడే సన్నటి గొట్టం. అతకకముందే ఒక పోగుకి తొడిగి ఉంచాలి. అతికాక ఎక్కించడానికి దారే లేదు. నేను మర్చిపోయా. అంత అందమైన అతుకునీ విరిచేయాల్సి వచ్చింది.

‘‘అందరూ చేసే తప్పేలెండి. కానీ చేసినప్పుడల్లా ఇంత పోతుంది’’ అని వేలు చూపించాడు. మా కోడ్‌లో తప్పు చేస్తే వెనక్కి తిప్పుకోవచ్చు. గాజులో కుదరదు. తప్పు చేసిన ప్రతిసారీ పోగు పొట్టిదవుతుంది. అందుకే ఆయన ఒక్కో పోగునీ మీటరుకి పైగా ఉంచి, ట్రేలో వంపు బిగుసుకోకుండా గుండ్రంగా చుట్టాడు. ‘‘తర్వాత వచ్చేవాడికి ఒక మీటరు మిగల్చాలండి. రేపు నేనే రావచ్చు, ఇంకోడు రావచ్చు. పొట్టిగా వదిలేస్తే మనల్ని తిట్టుకుంటాడు’’ అన్నాడు.

నాకు నేను రాసే కోడ్ గుర్తొచ్చింది. పని అయిందా, వదిలేశామా అన్నట్టు రాస్తా. వివరణ ఒక్క ముక్క ఉండదు. తర్వాత వచ్చేవాడికి నేను మిగిల్చేది తలనొప్పే.

1966లో చార్లెస్ కావ్, జార్జ్ హాక్‌హామ్ అనే ఇద్దరు ఓ పరిశోధన పత్రం రాశారు. గాజులో మలినాలు తగ్గిస్తే కిలోమీటరు దాటాక కూడా పనికొచ్చేంత వెలుగు మిగులుతుందన్నారు. వాళ్లు కోరుకున్నది వందలో ఒక వంతు. ఇవాళ మన వీధి పోగులో కిలోమీటరు దాటాక తొంభైకి పైగా మిగులుతోంది. కావ్‌కి 2009లో నోబెల్ వచ్చింది. ఆ మిగిలిన వెలుగుని మా గుమ్మం దాకా తెచ్చినాయన మాత్రం పదకొండున్నరకి, సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని, మా అరుగు మీద జంతికలు తిన్నాడు.

రిలీజు సాఫీగా అయింది. ‘సాయంత్రం ఏమైంది?’ అని మేనేజరు అడిగితే, ‘నెట్‌వర్క్ ఇష్యూ, సాల్వ్‌డ్’ అని రాశా. ఐదు గంటల పనికి మూడు ముక్కలు. తర్వాత సిగ్గనిపించి, ఆ రాత్రి నేను మార్చిన కోడ్‌కి ఓ పేజీ వివరణ రాసి పెట్టా. ఎవరు చదువుతారో తెలీదు.

మీ వీధిలోనూ ఎప్పుడో ఇలాంటి వ్యాను ఆగుతుంది. వీలైతే ఓ కుర్చీ వేయండి, మంచినీళ్లివ్వండి. పిల్లల్ని చెప్పుల్లేకుండా ఆ చుట్టుపక్కలకి పంపకండి. ‘మాది ముందు కలపండి’ అని మాత్రం అడక్కండి. నీలం తర్వాత నారింజే.