ఆకర నిర్దేశం: సాఫ్ట్‌వేర్ చేసే పని, పరిశోధకుడు చేయవలసిన పని

కోలాచలం మల్లినాథసూరి మూలం లేని మాట వ్రాయనని తన వ్యాఖ్యానారంభంలోనే ప్రతిజ్ఞ చేశాడు. ఆ ప్రతిజ్ఞను ఆయన ఏ విధంగా నిలుపుకున్నాడో రఘువంశాన్ని సంజీవనీ వ్యాఖ్యతో చదివిన ప్రతి విద్యార్థికీ తెలుసు. పదానికి అర్థం చెప్పిన వెంటనే ‘ఇత్యమరః’ అనో ‘ఇతి యాదవః’ అనో ఆకరాన్ని పేర్కొంటాడు. వ్యాకరణ కార్యం చూపితే దానికి ఆధారమైన సూత్రాన్ని ఉదాహరిస్తాడు. ఆనాటి పాఠకునికి అంతకు మించి చెప్పనవసరం లేదు. అమరం అతనికి కంఠస్థం. నిఘంటుకారుని పేరు వినగానే శ్లోకం స్ఫురించేది.

నేటి పాఠకునికి గ్రంథం కంఠంలో లేదు, ఏదో ఒక గ్రంథాలయంలో ఉంది. అక్కడైనా ఒక్క ప్రతిగా కాక, పలువురు పరిష్కర్తలు పలు సంవత్సరాలలో ప్రకటించిన ముద్రణలుగా ఉంది. కనుక గ్రంథనామంతో పాటు పరిష్కర్త, ప్రకాశకులు, ముద్రణ సంవత్సరం, పుట లేదా పద్యసంఖ్య చెప్పవలసి వచ్చింది. వివరాలు పెరిగినా ప్రయోజనం మాత్రం మారలేదు. చెప్పిన మాటను పాఠకుడు స్వయంగా మూలంతో సరిచూసుకోగలగాలి. ఆ అవకాశం లేని పాదసూచిక పుట అడుగున ఉన్న అలంకారం మాత్రమే.

ప్రాచ్యవిద్యా రంగంలో వెలువడే సిద్ధాంతవ్యాసాలలో విషయవివేచన ఉత్తమంగా ఉన్నప్పటికీ ఈ భాగం దుర్బలంగా ఉండడం తరచుగా కనిపిస్తుంది. పాదసూచికలో కనబడిన గ్రంథం ఉపయుక్త గ్రంథసూచిలో ఉండదు. గ్రంథసూచిలో ఉన్న గ్రంథం వ్యాసంలో ఎక్కడా ప్రస్తావనకు రాదు. ఒకే పుస్తకానికి ఒక అధ్యాయంలో ఒక సంవత్సరం, మరొక అధ్యాయంలో మరొక సంవత్సరం ఉంటుంది. ఒక పూర్వ పరిశోధకుడు ఉదాహరించిన శ్లోకాన్ని అతని పేరు చెప్పకుండా, అతని తప్పుతో సహా స్వీకరించడం మరింత శోచనీయం. వీటిలో చాలా దోషాలకు కారణం పాండిత్యలోపం కాదు. ఏళ్ళ తరబడి చీటీల మీద, నోటుపుస్తకాల అంచులలో వ్రాసుకున్న వివరాలను వ్యాసం సమర్పించే చివరి వారంలో టైపు చేసే చోట కూర్చుని కూర్చడమే కారణం.

ఈ కష్టాన్ని తీర్చడానికి పుట్టినవే ఆకర నిర్వహణ సాఫ్ట్‌వేర్లు. 1985లో బిబ్‌టెక్, ఆ దశాబ్దం చివర ఎండ్‌నోట్ వచ్చాయి. 2006లో అమెరికాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయపు చరిత్ర కేంద్రం జొటేరోను ఉచితంగా అందుబాటులోకి తెచ్చింది. చరిత్రకారులు తమ అవసరానికి నిర్మించుకున్నది కావడం వలన సాహిత్య పరిశోధకులకు ఇది దగ్గరగా ఉంటుంది. దీని పద్ధతి సులభం. ప్రతి గ్రంథానికి ఒక నమోదు, అందులో కర్త, శీర్షిక, పరిష్కర్త, ప్రకాశకులు, సంవత్సరం మొదలైన వాటికి వేర్వేరు గడులు ఉంటాయి. వ్యాసం వ్రాస్తూ ఆ నమోదును ఎంచుకుంటే పాదసూచిక అదే ఏర్పడుతుంది. ఉదాహరించిన గ్రంథాలతోనే చివర గ్రంథసూచి తయారవుతుంది. ఒక పత్రిక ఒక పద్ధతిని, మరొక పత్రిక మరొక పద్ధతిని కోరితే, పద్ధతి పేరు మార్చినంతనే సూచికలన్నీ మారుతాయి. పైన చెప్పిన దోషాలలో సగం ఈ ఒక్క ఏర్పాటుతో తొలగిపోతాయి. కనుక ఈ సాధనం ప్రాచ్య కళాశాలలకు అనవసరమనే వాదం నిలవదు.

అయితే మిగిలిన సగం దోషాలు సాధనంతో తొలగవు. కొన్ని దానివలననే పుడతాయి. ఈ సాఫ్ట్‌వేర్లు వేరొక గ్రంథప్రపంచాన్ని దృష్టిలో ఉంచుకొని నిర్మితమైనవన్న సంగతి మరువరాదు.

మొదటిది పేర్ల సమస్య. వీటిలో ఇంటిపేరుకు ఒక గడి, వ్యక్తినామానికి ఒక గడి ఉంటాయి. పేరులోని చివరి పదమే ఇంటిపేరని పాశ్చాత్య సంప్రదాయం. వేటూరి ప్రభాకరశాస్త్రి పేరును ఆ దృష్టితో విడదీస్తే ‘ప్రభాకరశాస్త్రి’ ఇంటిపేరవుతుంది. రోమను లిపిలో మూడు ముక్కలుగా ఉంటే ‘శాస్త్రి’ ఇంటిపేరవుతుంది. తెలిసినవారు సరిగా నమోదు చేస్తే ‘వేటూరి’ అవుతుంది. అకారాది సూచిలో ఒకే పండితుడు మూడు చోట్ల ముగ్గురుగా కనబడతాడు. సరిగా విడదీసినా చిక్కు తీరదు. వ్యక్తినామాన్ని ముందు ముద్రించే పద్ధతిలో ‘ప్రభాకరశాస్త్రి వేటూరి’ అని తెలుగు చెవికి అపరిచితమైన పేరు వస్తుంది. రెండు గడులను ఒకటిగా కలిపి పేరును ఉన్నదున్నట్లు వ్రాసే సౌకర్యం జొటేరోలో ఉంది. తెలుగు రచయితలకు ఇంటిపేరుతో మొదలయ్యే పూర్ణనామాన్ని, కాళిదాస నన్నయాదులకు ప్రసిద్ధనామాన్ని ఆ ఒక్క గడిలోనే వ్రాయడం సముచితం.

రెండవది ప్రతుల సమస్య. సంస్కృత మహాభారతాన్ని ఉదాహరించేవారు పూనాలోని భండార్కర్ ప్రాచ్యవిద్యా సంశోధన మందిరం 1933 నుండి 1966 వరకు ప్రకటించిన సంశోధిత పాఠాన్ని అనుసరించారా, మద్రాసులో వావిళ్ళవారు 1931లో ప్రకటించడం ప్రారంభించిన పి.పి.ఎస్. శాస్త్రి దాక్షిణాత్య పాఠాన్ని అనుసరించారా చెప్పకపోతే అధ్యాయ శ్లోక సంఖ్యలకు అర్థం లేదు. ఒక పాఠంలో ఉన్న శ్లోకం మరొక పాఠంలో అసలు ఉండకపోవచ్చు. నన్నయ అనువాద రీతిని మూలంతో పోల్చే పరిశోధకునికి ఇది చిన్న విషయం కాదు. నన్నయ విడిచిపెట్టాడని అతడు నిర్ణయించిన శ్లోకం నన్నయ చూసిన పాఠంలో లేకపోయి ఉండవచ్చు. అప్పుడు కూలేది పాదసూచిక కాదు, సిద్ధాంతం.

సంఖ్యలను వ్రాసే తీరులో కూడా జాగ్రత్త కావాలి. ఆదిపర్వం రెండవ ఆశ్వాసం ముప్పది అయిదవ పద్యాన్ని 2-35 అని సూచించడం తెలుగువారి అలవాటు. సాఫ్ట్‌వేర్ ముందుగా పుటసంఖ్యనే ఊహిస్తుంది. పరిశోధకుడు గమనించకపోతే ఆ పద్యం కాస్తా 2వ పుట నుండి 35వ పుట వరకు అయి కూర్చుంటుంది. పుటకు బదులు అధ్యాయం, పద్యం, తాళపత్రపు ఆకు వంటి విభాగాలను ఎంచుకునే అవకాశం అక్కడే ఉంది. ఎంచుకోవలసినవాడు మనిషి.

మూడవది కాలనిర్దేశం. పాత తెలుగు ముద్రణలలో క్రీస్తుశకానికి బదులు ప్రభవాది సంవత్సరనామం మాత్రమే ఉన్నవి ఉన్నాయి. రుధిరోద్గారి అని మాత్రమే ఉంటే అది 1863-64 కావచ్చు, 1923-24 కావచ్చు, 1983-84 కావచ్చు. ముద్రణాలయం, పీఠిక, కాగితం చూసి నిర్ణయించవలసినది పరిశోధకుడే. నిర్ణయించిన సంవత్సరాన్ని కుండలీకరణలలో ఉంచి, పుస్తకంపై ఉన్న సంవత్సరనామాన్ని కూడా నమోదు చేయాలి. వ్రాతప్రతుల విషయం కూడా ఇటువంటిదే. మద్రాసు ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారంలోని ప్రతికి డి, ఆర్ అక్షరాలతో మొదలయ్యే సంఖ్యలే గుర్తు. గ్రంథనామం వ్రాసి సంఖ్య విడిచిపెడితే ఆ ప్రతి దొరకదు.

ఈ సమస్యలన్నిటికంటె గంభీరమైనది మరొకటి ఉంది. ఈనాటి ఆంగ్ల పత్రికా వ్యాసాలకు అంకెలతో కూడిన శాశ్వత గుర్తింపులు ఉంటాయి. కొత్త పుస్తకాలకు ఐ.ఎస్.బి.ఎన్. ఉంటుంది. ఆ అంకె ఇస్తే చాలు, వివరాలన్నీ గడులలోకి వచ్చి చేరతాయి. ఐ.ఎస్.బి.ఎన్. అంతర్జాతీయ ప్రమాణం అయినది 1970లో. తెలుగు పరిశోధనకు ప్రాణప్రదమైన పరిష్కరణలు, పీఠికలు, పాత పత్రికా సంపుటాలు చాలావరకు అంతకు ముందువి. వాటిని ఒక్కొక్క గడిలో చేతితో నింపవలసిందే. సులభంగా దొరికినది సూచిలో చేరి, శ్రమతో దొరికేది జారిపోవడం మానవ స్వభావం. ఒక తెలుగు కావ్యంపై వ్రాసిన వ్యాసం చివర ఆంగ్ల వ్యాసాలు బారులు తీరి, ఆ కావ్యపరిష్కర్త పీఠిక కనిపించకపోతే, ఆ దోషం యంత్రానిదని చెప్పి తప్పించుకోవడానికి వీలులేదు.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం కింద స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు వేల సంఖ్యలో నేడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చదువుకోవచ్చు. మారుమూల కళాశాల అధ్యాపకునికి ఇది వరం. కాని అక్కడి వివరాలలో గ్రంథనామాలు వికృతమైన రోమను అక్షరక్రమంలో, కర్త స్థానంలో మరొకరి పేరుతో ఉండడం కద్దు. మీట నొక్కి ఆ వివరాలను స్వీకరిస్తే తప్పు అందమైన అచ్చులో శాశ్వతమవుతుంది. స్కాన్ ప్రతిలోని ముఖపత్రం తెరిచి, చూసి వ్రాసుకోవడానికి పట్టేది రెండు నిమిషాలు. పాత డి.టి.పి. ఫాంట్లలో టైపు చేసిన పేర్లను తెచ్చి అతికిస్తే అర్థంలేని గుర్తులు మిగులుతాయి కనుక నమోదులన్నీ యూనికోడ్ తెలుగులోనే ఉండాలి.

2022 చివరినుండి ప్రచారంలోకి వచ్చిన కృత్రిమ మేధా సంభాషణ యంత్రాలు ఈ జాగ్రత్తను మరింత అవసరం చేశాయి. అవి లేని గ్రంథాలకు ఉన్నట్టే కర్తనూ సంవత్సరాన్నీ పుటసంఖ్యనూ కల్పించి ఇవ్వగలవు. 2023లో న్యూయార్కులోని ఒక ఫెడరల్ న్యాయస్థానం అటువంటి కల్పిత తీర్పులను ఉదాహరించిన న్యాయవాదులకు 5,000 డాలర్ల జరిమానా విధించింది. ఆకర నిర్వహణ సాఫ్ట్‌వేర్ సత్యాసత్యాలు విచారించదు. ఉన్న గ్రంథాన్ని ఎంత చక్కగా ముద్రిస్తుందో లేని గ్రంథాన్ని అంత చక్కగానూ ముద్రిస్తుంది.

చీటీలతోనే మహాగ్రంథాలు వెలువడ్డాయి కదా అని పెద్దలు ఆక్షేపించవచ్చు. ఆ మాట నిజమే. చీటీ గొప్పతనం కాగితంలో లేదు. పుస్తకం ఎదుట తెరిచి ఉండగా స్వహస్తంతో ఎత్తి వ్రాసుకోవడంలో ఉంది. ఆ నియమాన్ని నిలుపుకుంటే కంప్యూటర్ తెర కూడా చీటీయే. ఆ నియమాన్ని విడిచిపెడితే చీటీ కూడా వదంతియే.

కనుక చేయవలసిన పని వ్యక్తులది మాత్రమే కాదు, శాఖలది కూడా. ప్రతి ప్రాచ్య కళాశాల తెలుగు, సంస్కృత శాఖలు కలిసి పేర్లు, ప్రతులు, పద్యసంఖ్యలు, సంవత్సరాలు, వ్రాతప్రతుల సంఖ్యలు వ్రాసే పద్ధతిని నాలుగైదు పుటల నియమావళిగా నిర్ణయించుకోవాలి. జొటేరోలో ఉమ్మడి సూచి ఏర్పరచుకొని, కళాశాల గ్రంథాలయంలోని మూలగ్రంథాలను ఆ నియమాల ప్రకారం పుస్తకం చూసి నమోదు చేయాలి. దీనికి ఖర్చు లేదు. ఉచితంగా ఇచ్చే 300 మెగాబైట్ల పరిమితి జతచేసే స్కాన్ ప్రతులకే గాని నమోదులకు కాదు. ఒకరు సరిచూసిన నమోదు తరువాతి విద్యార్థులందరికీ ఉపకరిస్తుంది. పరిశోధన, ప్రచురణ నీతి అనే పాఠ్యాంశాన్ని విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘం 2019లో పిహెచ్.డి. విద్యార్థులకు విధించింది. ఆ పాఠాన్ని పరాయి ఉదాహరణలతో ముగించక, భారతం ప్రతులతోనూ తాళపత్ర సంఖ్యలతోనూ బోధించడం పర్యవేక్షకుల కర్తవ్యం.

మౌఖిక పరీక్షలో పరీక్షకుడు ఏదో ఒక పాదసూచికను ఎంచుకొని, ‘ఈ పద్యం ఏ ప్రతిలో చూశారు?’ అని అడగడం ఆచారం కావాలి. ఆ ప్రశ్నకు జవాబు సాఫ్ట్‌వేర్ చెప్పదు. పుస్తకం తెరిచి చూసిన విద్యార్థి మాత్రమే చెప్పగలడు.