నల్ల చిరుత గుర్తుకే మీ ఓటు!

ఆ ఊళ్లలో షెరీఫ్ జీపు కనిపిస్తే జనం తలుపులు వేసుకునేవారు. అలాంటి చోట ఓ రోజు 'మన షెరీఫ్‌ని మనమే ఎన్నుకుందాం' అంటూ కొందరు ఇంటింటికీ బయల్దేరారు. మొదటిసారి ఓడిపోయారు. నాలుగేళ్లు తిరిగేసరికి...

* * *

మీ ప్రాంతానికి ఎస్పీగా ఎవరుండాలో మీరే ఓటేసి తేల్చాలంటే ఎలా ఉంటుంది? ఆయనగారు గుమ్మం ముందుకొచ్చి, చేతులు జోడించి 'అమ్మా, మీ ఓటు నాకే' అంటుంటే నవ్వొస్తుంది కదూ! అమెరికాలో చాలా రాష్ట్రాల్లో జరిగేది అదే.

అక్కడ మన జిల్లా లాంటిది కౌంటీ. దాని పోలీసు పెద్ద షెరీఫ్. మద్రాసులో ఒకప్పుడు ఉన్న, ముంబయిలో నేటికీ ఉన్న షెరీఫ్ పదవి గౌరవం కోసం ఇచ్చేది మాత్రమే. అమెరికా షెరీఫ్ అలా కాదు. కౌంటీ జైలు ఆయన చేతిలో ఉంటుంది. వారంట్లు అమలు చేసేది, పల్లెల్లో గస్తీ తిరిగేది ఆయన మనుషులే. ఆ డిప్యూటీలను నియమించుకునేదీ ఆయనే. మరి అంత అధికారం ఉన్న మనిషిని ఎన్నుకునే ఓటు జనంలో ఎక్కువమందికి లేకపోతే? అలబామా రాష్ట్రంలోని లౌండెస్ కౌంటీ కథ అక్కడే మొదలవుతుంది.

జనం ఎక్కువ... ఓట్లు సున్నా

1960ల్లో లౌండెస్ జనాభా సుమారు 15 వేలు. నూటికి 80 మంది నల్లజాతివారే. పత్తి చేలల్లో కూలీలు, కౌలు రైతులు. కానీ 1965 ఆరంభంలో ఓటర్ల జాబితాలో వాళ్ల పేరు ఒక్కటంటే ఒక్కటీ లేదు! తెల్లవారి పేర్లు మాత్రం వాళ్ల వయోజనుల సంఖ్య కంటే ఎక్కువే ఉన్నాయి. చనిపోయినవారు, ఊరొదిలి వెళ్లినవారు కూడా జాబితాలో పదిలంగా ఉన్నారన్నమాట.

ఓటు అడిగితే పరీక్ష పెట్టేవారు. పరీక్ష పెట్టేదీ, ఫలితం చెప్పేదీ తెల్ల అధికారులే. 1965 మార్చిలో కొందరు ధైర్యం చేసి కౌంటీ కేంద్రం హేన్‌విల్‌కు వెళ్లారు. చివరికి ఇద్దరికే ఓటు దక్కింది. ఒకరు చూపులేని మతబోధకుడు. రెండోవారు జాన్ హ్యూలెట్. అదే కౌంటీలో 1927లో పుట్టి, బర్మింగ్‌హామ్ నగరంలో పనిచేస్తూ పౌరహక్కుల ఉద్యమంలో తిరిగి, సొంతూరికి మళ్లిన మనిషి.

ఆ ఏడాదే లౌండెస్ నెత్తురు చూసింది. సెల్మా నుంచి మాంట్‌గొమరీకి మార్టిన్ లూథర్ కింగ్ నడిపిన పాదయాత్ర ఈ కౌంటీ మీదుగానే సాగింది. అది ముగిసిన రోజు, మార్చి 25 రాత్రి, యాత్రికులను కారులో దిగబెడుతున్న వయోలా లియుజో అనే మహిళను ఇక్కడి రోడ్డుమీదే కాల్చి చంపారు. ఆగస్టు 20న హేన్‌విల్‌లో జొనాథన్ డేనియల్స్ అనే యువకుడు బలయ్యాడు. క్రైస్తవ గురువు కావడానికి చదువుకుంటున్న ఆ అబ్బాయిని కాల్చిన వ్యక్తి షెరీఫ్ దగ్గర జీతంలేని ప్రత్యేక డిప్యూటీ! అందరూ తెల్లవారే ఉన్న జ్యూరీ అతణ్ని నిర్దోషి అని వదిలేసింది. షెరీఫ్ కుర్చీలో ఎవరు కూర్చుంటారన్నది అక్కడి నల్లజాతివారికి ప్రాణాల మీది మాట అయింది అందుకే.

యాభై డాలర్లు కాదు... అయిదు వందలు

1965 ఆగస్టు 6న ఓటు హక్కు చట్టం వచ్చింది. కొద్ది రోజుల్లోనే కేంద్రప్రభుత్వ అధికారులు లౌండెస్‌లో దిగి పేర్లు నమోదు చేయడం మొదలుపెట్టారు. జనం బారులు తీరారు. దానికి భూస్వాములు ఇచ్చిన జవాబు... 'ఇల్లు ఖాళీ చెయ్'! పేరు రాయించుకున్న పాపానికి తాతల నాటి నుంచి ఉన్న గుడిసెల్లోంచి కుటుంబాలను వెళ్లగొట్టారు. చలికాలం, డిసెంబరు. పాదయాత్ర సాగిన 80వ నంబరు రహదారి పక్కనే గుడారాలు లేచాయి. రాత్రిళ్లు వాటి మీదికి తుపాకులు పేలేవి. అయినా వాళ్లు కదల్లేదు. కొందరు రెండేళ్లకు పైగా అక్కడే ఉన్నారు.

ఓటు వచ్చింది సరే, వేసేదెవరికి? అలబామాలో అప్పుడు డెమోక్రటిక్ పార్టీదే రాజ్యం. దాని గుర్తు తెల్ల కోడిపుంజు. 1966లో తీసేసేదాకా ఆ గుర్తు పక్కన 'శ్వేతజాతి ఆధిక్యం' అన్న నినాదం ఉండేది. అందులో చేరి పోటీ చేద్దామన్నా షెరీఫ్ పదవికి దరఖాస్తు రుసుము 50 డాలర్ల నుంచి ఒక్కసారిగా 500 డాలర్లకు పెంచేశారు. కూలి బతుకులకు అంత సొమ్మెక్కడిది?

అప్పుడే రాష్ట్ర చట్టంలోని ఓ చిన్న కిటికీ కనిపించింది. కౌంటీ వరకు పరిమితమైన కొత్త పార్టీని ఎవరైనా పెట్టుకోవచ్చు! హ్యూలెట్ అధ్యక్షుడిగా, స్టోక్లీ కార్మైకేల్ తదితర విద్యార్థి ఉద్యమకారుల అండతో 'లౌండెస్ కౌంటీ ఫ్రీడమ్ ఆర్గనైజేషన్' అలా పుట్టింది.

పావురం వద్దు... చిరుత ముద్దు

పార్టీకి గుర్తు కావాలి. చదువురాని ఓటర్లు ఎక్కువ కాబట్టి ప్రతి పార్టీకీ ఓ బొమ్మ ఉండాలి. 1951-52లో మన తొలి సాధారణ ఎన్నికల నుంచీ మనకు అలవాటైన సంగతే ఇది. ముందు పావురం అనుకున్నారు. అది ఎవరికీ నచ్చలేదు. చివరికి అట్లాంటాలోని క్లార్క్ కాలేజీ చిహ్నమైన చిరుతపులి ఖాయమైంది. తరుముతుంటే వెనక్కి జరుగుతుంది, మూలకు నెడితే మాత్రం తిరగబడుతుంది... హ్యూలెట్ ఆ గుర్తుకు చెప్పిన అర్థం ఇదే. కోడిపుంజు మీదికి నల్ల చిరుత! తర్వాత కాలిఫోర్నియాలో 1966 అక్టోబరులో పుట్టిన 'బ్లాక్ పాంథర్ పార్టీ' పేరు, గుర్తు ఇక్కడి నుంచి వెళ్లినవే.

ఇక ప్రచారం. మైకులు, ఊరేగింపులు కావు... పాఠాలు! షెరీఫ్ అంటే కొట్టేవాడు, పట్టుకుపోయేవాడు అని మాత్రమే తెలిసిన జనానికి అసలు ఆ ఉద్యోగంలో చేయాల్సిన పనులేమిటో చెప్పాలి. ఆస్తి పన్ను లెక్కగట్టేవారు ఏం చేస్తారు, బడుల బోర్డు ఏం చేస్తుంది... అన్నీ మొదటి నుంచీ చెప్పాలి. పొలం పనులు ముగిశాక చర్చిల్లో చేరేవారు. అక్షరాలు తక్కువ, బొమ్మలు ఎక్కువ ఉన్న చిన్న పుస్తకాలు చేతులు మారేవి. ఒక పుస్తకంలో కథానాయకుడు రాజకీయాలంటే జంకే మామూలు నల్లజాతి మనిషి. కథ చివరికొచ్చేసరికి అతనే షెరీఫ్ పదవికి పోటీ చేస్తాడు! చదివినవాడికి 'నేనెందుకు కాకూడదు' అనిపించాలన్నదే దాని ఉద్దేశం.

1966 మే 3న అభ్యర్థుల ఎంపిక. కోర్టు ఆవరణలో సభకు షెరీఫ్ ఒప్పుకోలేదు. దాంతో దగ్గర్లోని చర్చి దగ్గర పెట్టుకున్నారు. సుమారు 900 మంది వచ్చి ఓటేశారు. వాళ్లలో చాలామంది జీవితంలో వేసిన మొదటి ఓటు అదే. షెరీఫ్ అభ్యర్థిగా సిడ్నీ లోగన్ నెగ్గారు. మొత్తం ఏడు పదవులకు ఏడుగురు బరిలో దిగారు.

ఓడినా...

నవంబరు 8న పోలింగ్. భూస్వాములు తమ కూలీలను లారీల్లో ఎక్కించి తెచ్చి, ఎవరికి వేయాలో చెప్పి మరీ ఓటేయించారు. ఏడుగురూ ఓడిపోయారు. అయితే చిరుత గుర్తుకు నూటికి 40కి పైగా ఓట్లు వచ్చాయి. పార్టీగా గుర్తింపు దక్కాలంటే 20 శాతం చాలు! అదేరోజు మాంట్‌గొమరీకి అవతల ఉన్న మేకన్ కౌంటీలో లూషియస్ అమెర్సన్ అనే నల్లజాతి అభ్యర్థి షెరీఫ్‌గా గెలిచారు. 19వ శతాబ్దం తర్వాత దక్షిణాది రాష్ట్రాల్లో అలాంటి గెలుపు అదే మొదటిది.

లౌండెస్ జనం చేతులు ముడుచుకోలేదు. మళ్లీ చర్చిలు, మళ్లీ గడప గడపా. 1970 ఎన్నికలనాటికి వాళ్ల పార్టీ రాష్ట్రస్థాయిలో పుట్టిన మరో కొత్త పార్టీతో కలిసింది. చిరుత బదులు గద్ద గుర్తు. షెరీఫ్ అభ్యర్థి... జాన్ హ్యూలెట్. అయిదేళ్ల కిందట ఓటు కోసం పరీక్ష రాసిన మనిషి అదే కౌంటీకి షెరీఫ్ అయ్యారు! ఏదో గాలివాటం గెలుపు కాదది. మళ్లీ మళ్లీ గెలిచి ఇరవై ఏళ్లకు పైగా ఆ పదవిలో ఉన్నారు. తర్వాత ప్రొబేట్ జడ్జిగానూ ఎన్నికయ్యారు. 2006లో కన్నుమూశారు.

షెరీఫ్ మారినంత మాత్రాన లౌండెస్ పేదరికం పోలేదు. భూములు చేతులు మారలేదు. కానీ ఒకటి మాత్రం మారింది. రాత్రిపూట ఎవరైనా తలుపు కొడితే వచ్చింది ఎవరోనని వణికిన ఇళ్లవాళ్లు, తమకు కష్టమొచ్చినప్పుడు షెరీఫ్ తలుపు తాము కొట్టగలిగారు. ఓటు విలువ ఎంతంటే, గుడారంలో రెండు చలికాలాలు గడిపిన ఆ కుటుంబాలనే అడగాలి.