చికిత్స తర్వాత ఎక్కడికి? చిన్న సేవాకేంద్రాలపై ఆధారపడిన పెద్ద హామీ

మానసిక రుగ్మతకు ఆస్పత్రిలో చికిత్స పూర్తయి, మందులతో పరిస్థితి అదుపులోకి వచ్చిన వ్యక్తి ఆ తర్వాత ఎక్కడికి వెళ్ళాలి? బడి వయసు దాటిన మేధో వైకల్యం గల యువతి పగటి వేళ ఎక్కడ గడపాలి? తల్లిదండ్రులు వృద్ధులైన తర్వాత ఆమె బాగోగులు ఎవరు చూడాలి? ఈ ప్రశ్నలకు మన చట్టాలు స్పష్టమైన సమాధానాలే ఇచ్చాయి. అయితే ఆ సమాధానాలను ఆచరణలో చూపే భారం చాలా పట్టణాల్లో అద్దె ఇంట్లో, కొద్దిమంది సిబ్బందితో నడిచే చిన్న సేవాసంస్థలపై పడింది. ఆ సంస్థలు నిలిస్తేనే చట్టం ఇచ్చిన హామీ నిలుస్తుంది. వాటిని నిలబెట్టే ఏర్పాటు మాత్రం ఇంకా బలహీనంగానే ఉంది.

ఐక్యరాజ్యసమితి దివ్యాంగుల హక్కుల ఒడంబడికను భారతదేశం 2007 అక్టోబరు 1న ధ్రువీకరించింది. దానికి అనుగుణంగా రెండు ప్రధాన చట్టాలు రూపొందాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చింది. 1995 చట్టంలో 7గా ఉన్న వైకల్యాల సంఖ్యను ఇది 21కి పెంచింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018లో అమలులోకి వచ్చింది. మానసిక రుగ్మత ఉన్న ప్రతి వ్యక్తికీ సమాజంలో జీవించే హక్కు ఉందని ఈ చట్టంలోని 19వ సెక్షన్ ప్రకటించింది. కుటుంబం లేదనో, ఇల్లు లేదనో, బయట తగిన వసతులు లేవనో ఎవరినీ ఆస్పత్రిలో ఉంచేయరాదని నిర్దేశించింది. ఇంటికీ ఆస్పత్రికీ మధ్య దశలో ఆశ్రయమిచ్చే హాఫ్‌వే హోమ్‌లు, సంరక్షక వసతి గృహాలు ఏర్పాటు చేయవలసిన బాధ్యతను ప్రభుత్వాలపై ఉంచింది. వ్యాధి నయమైనా మానసిక ఆస్పత్రుల్లోనే మిగిలిపోతున్న వారి విషయంలో సుప్రీంకోర్టు కూడా గౌరవ్ కుమార్ బన్సల్ దాఖలు చేసిన వ్యాజ్యంలో రాష్ట్రాలకు పలుమార్లు ఆదేశాలు జారీ చేసింది.

అవసరం ఎంత విస్తృతమైనదో అధికారిక గణాంకాలే తెలియజేస్తున్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో దివ్యాంగుల సంఖ్య 2.68 కోట్లు. అప్పటి లెక్క పాత నిర్వచనాల ఆధారంగా జరిగింది కనుక, 21 వైకల్యాల ప్రాతిపదికన చూస్తే వాస్తవ సంఖ్య ఇంకా ఎక్కువే ఉంటుంది. బెంగళూరులోని నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, వయోజనుల్లో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతున్నట్లు వెల్లడించింది. రుగ్మత రకాన్ని బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని కూడా ఆ సర్వే తేల్చింది. చికిత్సే అందని చోట పునరావాసం మరింత దూరమన్నది వేరుగా చెప్పనక్కరలేదు.

ఇటువంటి పరిస్థితిలో ఒక చిన్న సేవాకేంద్రం చేసే పని బయటకు కనిపించే దానికన్నా చాలా పెద్దది. ఇరవై, ఇరవై ఐదు మంది వచ్చిపోయే పగటి సంరక్షణ కేంద్రాన్నే తీసుకుందాం. ఉదయం వ్యాను ఇంటింటికీ వెళ్ళి వారిని తీసుకురావాలి. కొందరికి ఫిజియోథెరపీ, కొందరికి మాట నేర్పడం, కొందరికి తమ పనులు తాము చేసుకునే శిక్షణ ఇవ్వాలి. మందులు వేళకు వేసుకుంటున్నారో లేదో గమనించాలి. పెద్ద వయసు వారికి కవర్లు, కొవ్వొత్తులు, విస్తరాకుల తయారీ వంటి పనులు నేర్పాలి. సదరం శిబిరానికి తీసుకెళ్ళి వైకల్య ధ్రువపత్రం ఇప్పించడం, పింఛను దరఖాస్తు నింపడం, ఇల్లు అద్దెకు ఇవ్వనంటున్న యజమానితో మాట్లాడడం, అలసిపోయిన తల్లికి ధైర్యం చెప్పడం కూడా ఈ సిబ్బంది పనే. ఏ పద్దులోనూ చేరని ఈ పనుల వల్లనే ఎందరో తిరిగి ఆస్పత్రి మెట్లు ఎక్కకుండా ఇంటి పట్టున ఉండగలుగుతున్నారు.

ఇటువంటి కేంద్రానికి మొదట ఎదురయ్యే సమస్య పరిపాలనకు సంబంధించినది. వైకల్యం కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ పరిధిలోనిది. మానసిక ఆరోగ్యం ఆరోగ్య మంత్రిత్వ శాఖ పరిధిలోనిది. దివ్యాంగుల హక్కుల చట్టం మానసిక రుగ్మతను 21 వైకల్యాల్లో ఒకటిగా గుర్తించింది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మాత్రం మేధో వికాస లోపాన్ని మానసిక రుగ్మత నిర్వచనం నుంచి మినహాయించింది. ఈ రెండూ ఒకే వ్యక్తిలో కనిపించడం అరుదేమీ కాదు. అటువంటి వారికి ఒకే కప్పు కింద సేవలందించాలంటే ఒక చట్టం కింద రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థను, మరో చట్టం కింద దివ్యాంగుల సంక్షేమ శాఖను ఆశ్రయించవలసి రావచ్చు. వేరొక చట్టం కింద ఇప్పటికే అనుమతి ఉన్న మానసిక రోగుల సంరక్షణ సంస్థలకు దివ్యాంగుల హక్కుల చట్టం మళ్ళీ నమోదు నుంచి మినహాయింపు ఇచ్చిన మాట నిజమే. కానీ ఇద్దరికీ కలిపి సేవలు నడిపే సంస్థ విషయంలో ఆ మినహాయింపు ఎంతవరకు వర్తిస్తుందన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారికి నేషనల్ ట్రస్ట్ పథకాలు కావాలంటే 1999 నాటి చట్టం కింద మరో నమోదు అవసరం. విరాళాలకు ఆదాయపు పన్ను శాఖ గుర్తింపు, కంపెనీల సామాజిక బాధ్యత నిధులకు ఇంకో నమోదు ఉండాలి. పెద్ద సంస్థకు ఇందుకోసం ప్రత్యేక ఉద్యోగి ఉంటారు. చిన్న సంస్థలో పిల్లలకు పాఠం చెప్పే వ్యక్తే ఈ దస్త్రాలన్నీ చూసుకోవాలి.

రెండో సమస్య డబ్బు. అది ఎంత వస్తుందన్న దానికన్నా ఎప్పుడు వస్తుందన్నది పెద్ద చిక్కు. కేంద్రం అమలు చేస్తున్న దీన్‌దయాళ్ దివ్యాంగుల పునరావాస పథకం స్వచ్ఛంద సంస్థలకు ఆమోదిత వ్యయంలో 90 శాతం వరకు గ్రాంటు ఇస్తుంది. ఉద్దేశం ఉదారమైనదే. అయితే జిల్లా స్థాయి తనిఖీ, రాష్ట్ర ప్రభుత్వ సిఫారసు, కేంద్ర పరిశీలన అనే మెట్లన్నీ దాటిన తర్వాతే గ్రాంటు చేతికందుతుంది. సంస్థ ముందుగా ఖర్చు పెట్టి, ఆనక రాబట్టుకోవలసి ఉంటుంది. చిన్న సంస్థకు నిల్వ ధనం ఉండదు. గ్రాంటు ఆలస్యమైన ప్రతి నెలా అద్దె, డీజిల్, వంట సరుకులు, జీతాలు మాత్రం ఆగవు. మొదట ఆగేది జీతం. జీతం ఆగితే వెళ్ళిపోయేది ఎన్నాళ్ళుగానో పిల్లలకు అలవాటైన ఆయా, లేదా పట్టుబట్టి తెచ్చుకున్న ప్రత్యేక ఉపాధ్యాయురాలు.

ఇతర మార్గాలూ అంత సులభం కావు. 2020లో సవరించిన విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, ఒక సంస్థకు వచ్చిన విదేశీ నిధులను మరో సంస్థకు బదలాయించడాన్ని నిషేధించింది. నిధుల ఆచూకీ స్పష్టంగా ఉండాలన్నదే దీని వెనుక ప్రభుత్వ ఉద్దేశం. కానీ పెద్ద సంస్థల ద్వారా చిన్న మొత్తాలు పొందుతూ వచ్చిన గ్రామీణ కేంద్రాలకు ఆ దారి మూసుకుపోయింది. 2013 నాటి కంపెనీల చట్టం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు సగటు నికర లాభంలో 2 శాతాన్ని సామాజిక కార్యక్రమాలకు వెచ్చించాలని నిర్దేశించింది. ఈ సొమ్ము సహజంగానే ఫలకం పెట్టడానికి వీలున్న భవనాలకు, వాహనాలకు, పరికరాలకు సులువుగా వస్తుంది. ఏటేటా ఇవ్వవలసిన జీతాలకు అంత సులువుగా రాదు. ఈ నేపథ్యంలో వార్షికాదాయం 5 కోట్ల రూపాయలు మించని ట్రస్టులకు ఆదాయపు పన్ను నమోదు గడువును 5 ఏళ్ళ నుంచి 10 ఏళ్ళకు పెంచుతూ 2025 బడ్జెట్‌లో తీసుకున్న నిర్ణయం చిన్నదే అయినా సరైన దిశలో వేసిన అడుగు.

ఇన్ని నిబంధనలు అవసరమా అన్న ప్రశ్న ఇక్కడ ఉదయిస్తుంది. తమిళనాడు రామనాథపురం జిల్లాలోని ఎర్వాడి పేరు గుర్తున్నవారు ఆ మాట తేలికగా అనలేరు. 2001 ఆగస్టు 6న అక్కడి ఒక ప్రైవేటు ఆశ్రయంలో మంటలు చెలరేగి 28 మంది ప్రాణాలు కోల్పోయారు. వారిని గొలుసులతో కట్టివేసి ఉంచడంతో తప్పించుకునే అవకాశం లేకపోయింది. మనుషులను ఏ రూపంలోనైనా గొలుసులతో బంధించడాన్ని 2017 చట్టం నిషేధించడానికి అటువంటి చేదు అనుభవాలే కారణం. అలాగని పెద్ద భవనాలు, ప్రభుత్వ నిర్వహణ ఉన్నంత మాత్రాన భద్రత ఉంటుందనీ చెప్పలేం. ఢిల్లీలోని రోహిణిలో ప్రభుత్వమే నడిపే ఆశాకిరణ్ గృహంలో 2024 జులై ఒక్క నెలలోనే 14 మంది మరణించిన ఉదంతం హైకోర్టు జోక్యానికి దారితీసింది. అక్కడ కిక్కిరిసిన పరిస్థితులు అప్పుడు చర్చకు వచ్చాయి. కాబట్టి పర్యవేక్షణ ఉండి తీరాలి. అది కాగితం మీద జరుగుతోందా, మనుషుల మధ్య జరుగుతోందా అన్నదే అసలు విషయం.

ఈ విషయంలో చట్టం చూపిన దారి గమనించదగినది. మానసిక ఆరోగ్య సంస్థకు దరఖాస్తు చేసిన 10 రోజుల్లో తాత్కాలిక నమోదు పత్రం ఇవ్వాలని 2017 చట్టం చెబుతోంది. తర్వాత మూడేళ్ళకోసారి ఆడిట్ జరపాలని, ఆ బృందంలో స్థానిక ప్రజల ప్రతినిధులకూ చోటు కల్పించాలని సూచిస్తోంది. అంటే ప్రవేశం సులభంగా, పర్యవేక్షణ దగ్గరగా ఉండాలన్నది చట్టం ఆంతర్యం. ఆచరణలో దీనికి భిన్నంగా ప్రవేశ ద్వారం దగ్గరే దస్త్రాలు పేరుకుపోతే, లోపల ఏం జరుగుతోందో చూసేవారే కరవవుతారు. కేంద్రానికి వచ్చేవారితో, వారి కుటుంబాలతో మాట్లాడే తనిఖీ ఒక్కటి జరిగినా, అది పది ధ్రువపత్రాలకన్నా ఎక్కువ నిజం చెబుతుంది.

చిన్నదిగా ఉండడమే మంచి సేవకు పునాది అని చూపిన అనుభవాలు దక్షిణ భారతంలోనే ఉన్నాయి. చెన్నైలో 1993లో మొదలైన బన్యన్ సంస్థ, ఆస్పత్రుల్లో ఏళ్ళ తరబడి ఉండిపోయిన వారిని నలుగురైదుగురు చొప్పున సాధారణ వీధుల్లోని అద్దె ఇళ్ళలో ఉంచి, అవసరమైన తోడ్పాటు అందించే పద్ధతిని అభివృద్ధి చేసింది. జిల్లా స్థాయిలో మానసిక వైద్యం అందించవచ్చని నిరూపించింది కర్ణాటకలోని బళ్ళారి. 1980వ దశకంలో నిమ్హాన్స్ అక్కడ చేసిన ప్రయోగమే 1996లో ప్రారంభమైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి ఆదర్శమైంది. అనంతపురం, కర్నూలు జిల్లాలకు సరిహద్దున ఉన్న ఆ జిల్లా అనుభవం తెలుగు రాష్ట్రాలకు పరాయిది కాదు.

తెలుగు రాష్ట్రాల్లో పింఛన్ల విషయంలో గణనీయమైన ముందడుగు పడింది. కేంద్ర పథకం కింద తీవ్ర వైకల్యం ఉన్నవారికి ఇచ్చే పింఛను నెలకు 300 రూపాయలు కాగా, ఆంధ్రప్రదేశ్ 2024 జులై నుంచి దివ్యాంగుల పింఛనును 6,000 రూపాయలకు పెంచింది. తెలంగాణలో అది 2023 నుంచి 4,016 రూపాయలు. ఈ సొమ్ము ఎన్నో ఇళ్ళకు ఆధారమన్నది నిర్వివాదం. కానీ ఊళ్ళో లేని సేవను పింఛను కొనిపెట్టలేదు. మానసిక వైద్యానికి విశాఖపట్నంలోనో, హైదరాబాద్ ఎర్రగడ్డలోనో ఉన్న ప్రభుత్వ ఆస్పత్రికి ప్రయాణం కట్టి వచ్చిన కుటుంబం, తిరిగి తమ పట్టణానికి వెళ్ళాక ఎవరిని ఆశ్రయించాలి? 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ సేవ 14416 నంబరు ద్వారా రేయింబవళ్ళు సలహా అందిస్తోంది. ఫోనులో వినిపించే ఆ ధైర్య వచనం తర్వాత నడిచి వెళ్ళగలిగే ఒక తలుపు కూడా ఉండాలి.

సిబ్బంది విషయంలోనూ ఇదే దృష్టి అవసరం. సికింద్రాబాద్‌లోని జాతీయ మేధో వైకల్య సాధికారత సంస్థ వంటి కేంద్రాలు ప్రత్యేక ఉపాధ్యాయులకు దశాబ్దాలుగా శిక్షణ ఇస్తున్నాయి. శిక్షణ పొందినవారు చిన్న పట్టణాల్లో నిలవాలంటే, ఇచ్చేది గౌరవ వేతనం అన్న పేరుతో సరిపెట్టకుండా జీవనానికి చాలినంతగా ఉండాలి. జిల్లా మానసిక ఆరోగ్య బృందం నెలకు నిర్ణీత రోజుల్లో ఈ కేంద్రాలకే వచ్చి వైద్య పరీక్షలు జరిపితే, ఉన్న వైద్యుల సేవలే ఎక్కువ మందికి అందుతాయి.

చేయవలసిన మార్పులకు కొత్త చట్టం అవసరం లేదు. ఒకే దరఖాస్తుతో రెండు శాఖల నమోదూ పూర్తయ్యే ఏర్పాటు జిల్లా కలెక్టరు స్థాయిలో సాధ్యమే. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన పనిచేసే స్థానిక కమిటీలు ఇప్పటికే ఉన్నాయి. మంజూరైన గ్రాంటులో కొంత భాగాన్ని మూడు నెలలకోసారి ముందుగా విడుదల చేసి, లెక్కలు చూసి మిగిలినది ఇస్తే జీతాలు ఆగవు. వాడకంలో లేని ప్రభుత్వ భవనాలను తక్కువ అద్దెకు ఇస్తే స్థానిక సంస్థలు కూడా ఇందులో భాగస్వాములవుతాయి. వీటికి బదులుగా ఈ కేంద్రాలు తమ తలుపులను ఆకస్మిక తనిఖీలకు, సామాజిక ఆడిట్‌కు తెరిచి ఉంచాలి.

వైకల్యం గల బిడ్డ ఉన్న ప్రతి ఇంట్లోనూ ‘మా తర్వాత ఎవరు?’ అన్న ప్రశ్న ఉంటుంది. నేషనల్ ట్రస్ట్ ఘరౌందా పథకాన్ని జీవితకాల ఆశ్రయం కోసం రూపొందించడం ఆ ప్రశ్నకు ప్రభుత్వం ఇచ్చిన గుర్తింపే. కానీ జీవితకాలం కొనసాగవలసిన సంరక్షణను ఏడాదికోసారి వచ్చే గ్రాంటుతో, వచ్చే నెల జీతం అందుతుందో లేదో తెలియని సిబ్బందితో నడపడం సాధ్యం కాదు. ఒక చిన్న కేంద్రం మూతపడితే అది వార్త కాదు. అక్కడికి వచ్చే పాతిక మంది మళ్ళీ నాలుగు గోడల మధ్యకు వెళ్ళిపోతారు. వారితో పాటు వారి తల్లో, అక్కో పని మానుకుని ఇంట్లో కూర్చుంటుంది. సమాజంలో జీవించే హక్కు అమలవుతోందా లేదా అని తెలుసుకోవడానికి చూడవలసింది అటువంటి ఇళ్ళనే.