శాతం కాదు.. పేరు చూడాలి

నలభై మంది ఉన్న తరగతికి రోజూ 36 మంది వస్తే హాజరు 90 శాతం. రిపోర్టులో బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ రాని నలుగురూ రోజుకొకరు మారుతున్నారా, నెలంతా ఆ నలుగురేనా? శాతం ఆ సంగతి చెప్పదు.

అమెరికాలో పనిదినాల్లో పదో వంతు రాకపోతే దీర్ఘకాలిక గైర్హాజరుగా లెక్కిస్తారు. మన విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు 220 పనిదినాలు. అంటే 22 రోజులు. నెలకు రెండ్రోజులే కదా అని ఎవరూ పట్టించుకోరు. కర్నూలు పశ్చిమ మండలాల నుంచి గుంటూరు వైపు మిర్చి కోతలకు వెళ్లే కుటుంబాల పిల్లలకైతే వారాలకు వారాలే పోతాయి. తిరిగొచ్చాక పాఠం అందదు, మెల్లగా బడి మానేస్తారు. వాళ్లకు కావాల్సింది సీజనల్ హాస్టల్. జ్వరంతో మానేసిన పిల్లాడికి అది అక్కర్లేదు. అందుకే గైర్హాజరు పక్కన కారణం కూడా రాయాలి.

డీఎస్సీకో, డేటా ఉద్యోగానికో ప్రిపేరవుతున్నవాళ్లు ఇది గమనించండి. యాప్‌లో హాజరు రోజూ పడుతూనే ఉంది. దాన్ని పిల్లల వారీగా కలిపి చూడటానికి ఎక్సెల్ చాలు, ఏఐ దాకా పోనక్కర్లేదు. ఆ జాబితా పట్టుకుని ఇంటికెళ్లి ‘పాప ఎందుకు రావట్లేదమ్మా?’ అని అడగడానికి మాత్రం మనిషి కావాలి. టీచర్లకు వారానికి రెండు పీరియడ్లు ఆ పనికే కేటాయించాలి.