పరాయి చేప.. తింటే తగ్గుతుందా?
పటాన్‌చెరు చెరువుల్లో ముందు తేలాల్సింది నీటి సంగతే

సంగారెడ్డి: మృగశిర కార్తె ప్రవేశించిన రోజున జిల్లాలో చేపల కూర వండని ఇల్లు అరుదు. ఆ రోజు గిరాకీకి ఎంత సరకు వచ్చినా చాలదు. గంపల్లో బొచ్చె, రవ్వ, బంగారుతీగల పక్కన తిలాపియా కూడా చోటు సంపాదించుకుంది. నాటు మార్పును పోలిన ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌ను సాధారణ కొనుగోలుదారు గుర్తుపట్టడం కష్టం. అక్వేరియంల నుంచి చెరువులకు చేరిన మరో చేప వలలో పడితే మాత్రం మత్స్యకారులు గట్టున పారేస్తారు. ఒళ్లంతా గట్టి పలకలతో, ముళ్లతో ఉండే దీనికి రాకాసి చేప, దెయ్యం చేప అన్న పేర్లు స్థిరపడ్డాయి. ఈ మూడూ పరాయి దేశాల నుంచి వచ్చినవే. వీటిని అదుపు చేసే మార్గంగా ప్రపంచవ్యాప్తంగా వినిపిస్తున్న మాట ఒకటే.. ‘పట్టి తినండి’. వినడానికి సులువుగా ఉన్న ఈ సూత్రం సంగారెడ్డి, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో ఎంతవరకు చెల్లుతుందన్నదే ఇప్పుడు ఆలోచించాల్సిన విషయం.

విదేశాల్లో ఏం జరిగింది?

అమెరికాలోని మిసిసిపీ నదీ వ్యవస్థలో ఆసియా గండు చేపలు విపరీతంగా పెరిగి స్థానిక జాతులకు ఆహారం లేకుండా చేశాయి. వాటిని జనం తినేలా చేసేందుకు ఇల్లినాయిస్ రాష్ట్రం 2022లో ‘కోపి’ అనే కొత్త పేరు పెట్టి ప్రచారం మొదలుపెట్టింది. అక్కడ బెడదగా మారిన వెండి చేప, గడ్డి చేప మన దేశంలో చెరువుల్లో పెంచుకునే రకాలు కావడం గమనార్హం. కరీబియన్ సముద్రంలో లయన్‌ఫిష్‌ను పట్టేందుకు పోటీలు పెట్టి, హోటళ్లలో వడ్డిస్తున్నారు. వేటగాళ్లు దిగగలిగిన చోట దాని సంఖ్య తగ్గింది కానీ, లోతు నీటిలో అది నిక్షేపంగా ఉంది. థాయ్‌లాండ్‌లో నల్లగడ్డం తిలాపియా కాలువలను ముంచెత్తడంతో 2024లో ప్రభుత్వమే కిలోకు ఇంత అని ధర కట్టి కొనుగోలు చేసింది.

ఈ అనుభవాలు చెబుతున్నది ఒక్కటే. తినడం వల్ల బెడద కొంత తగ్గవచ్చు, పూర్తిగా తొలగిపోదు. వేట ఆపిన మరుసటి ఏడాదే చేప తిరిగి పుంజుకుంటుంది.

ఆకలే తెచ్చిన ముప్పు

మన దగ్గర మరో చిక్కుంది. ఇక్కడి పరాయి చేపల్లో రెండు తినడం కోసమే వచ్చాయి. మొజాంబిక్ తిలాపియాను 1952లో పేదలకు చౌకగా మాంసకృత్తులు అందుతాయన్న ఆశతో దేశానికి తెచ్చారు. తల్లి చేప గుడ్లను, పిల్లలను నోట్లో పెట్టుకుని కాపాడుతుంది. ఏడాదిలో పలుమార్లు ఈనుతుంది. ఫలితంగా చెరువు నిండా అరచేతికి మించని చేపలే మిగిలాయి. ఏడేళ్లు తిరగకుండానే, 1959లో దాని విస్తరణపై ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది. అప్పటికే అది చాలా జలాశయాలకు చేరిపోయింది.

ఆఫ్రికా క్యాట్‌ఫిష్ కథ ఇంకా విచిత్రం. 1990ల తొలినాళ్లలో బంగ్లాదేశ్ మీదుగా దొంగచాటుగా ప్రవేశించింది. గాలి పీల్చి బతకగలదు. ప్రాణవాయువు లేని మురుగులోనూ పెరుగుతుంది. ఇతర చేప పిల్లలను మింగేస్తుంది. కేంద్రం 2000లో దీని పెంపకాన్ని నిషేధించింది. అయినా కోళ్ల వ్యర్థాలు మేపుతూ రహస్యంగా పెంచుతున్న గుంటలపై తెలుగు రాష్ట్రాల్లో అధికారులు దాడులు చేస్తూనే ఉన్నారు. కొనేవారు ఉన్నంతకాలం పెంచేవారు ఉంటారు. అంటే ఇక్కడ తినడం చేపను తగ్గించలేదు, నిషేధానికి తూట్లు పొడిచింది. మంచి ధర పలికే బెడదను ఎవరూ నిర్మూలించరన్నది ఈ పాతికేళ్ల పాఠం.

మూడోదైన రాకాసి చేపది భిన్నమైన సమస్య. పలకలు తీసేస్తే మిగిలే కండ కొద్దిపాటిదే. వలలు చింపుతుంది, గట్లలో బొరియలు చేస్తుంది. తూర్పు కనుమల ప్రాంతంలోని జలాశయాల్లో దాదాపు 60 శాతం చోట్లకు ఇది విస్తరించినట్లు హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2024లో వెల్లడించారు. నీటిలో కలిసే డీఎన్‌ఏ ఆనవాళ్లను పరీక్షించి వారు ఈ నిర్ధారణకు వచ్చారు.

బతికిన చేపే బరువైన ప్రశ్న

ఇవన్నీ ఏ ప్రాంతానికైనా వర్తించే మాటలు. పటాన్‌చెరు విషయానికి వస్తే అసలు ప్రశ్న వేరు. ఈ చేపను తింటే చెరువుకు మేలా కాదా అన్నది తర్వాత, తిన్న మనిషికి క్షేమమేనా అన్నది ముందు.

పటాన్‌చెరు ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి వెలువడిన నీటిపై స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో పరిశోధన ప్రచురించారు. సుమారు 90 ఔషధ పరిశ్రమల వ్యర్థాలు అప్పట్లో అక్కడికి చేరేవి. శుద్ధి అయిన నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు తేలింది. దానికి ముందే, 2001లో, జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు పారిశ్రామికవాడ నేలల్లో క్రోమియం, ఆర్సెనిక్, రాగి వంటి లోహాలు అధికంగా ఉన్నట్లు తేల్చారు. ఖాజీపల్లి చెరువులో మందులకు లొంగని సూక్ష్మజీవుల జన్యువులు విస్తారంగా ఉన్నట్లు 2014లో మరో అధ్యయనం వెల్లడించింది. 2017 అక్టోబరులో గండిగూడెం చెరువులో పెద్దఎత్తున చేపలు చచ్చి తేలిన దృశ్యం మత్స్యకారులు మరచిపోలేదు.

ఈ అంకెలు ఆనాటివి. నేటి నీరు కూడా సరిగ్గా అలాగే ఉందని వీటిని బట్టి చెప్పడం తగదు. అయితే లోహాలు కుళ్లి నశించేవి కావు. అడుగున ఒండ్రులో ఏళ్ల తరబడి నిలిచిపోతాయి. రాకాసి చేప గీరి తినేది ఆ అడుగు పాచినే. తిలాపియా, క్యాట్‌ఫిష్‌లకూ అడుగు తిండి నిషిద్ధం కాదు. కలుషిత జలాల్లో మన బొచ్చె, రవ్వ ముందుగా చనిపోతాయి. గాలి పీల్చే క్యాట్‌ఫిష్, మురుగును తట్టుకునే తిలాపియా మిగులుతాయి. అంటే ఏ చెరువులో పరాయి చేపే రాజ్యమేలుతోందో, ఆ చెరువు నీటినే ఎక్కువగా అనుమానించాలి. ‘తిని తగ్గించండి’ అన్న పిలుపు సరిగ్గా అలాంటి చోటే జనాన్ని పళ్లెం ముందు కూర్చోబెడుతుంది. కండలో చేరిన లోహం ఉడికించినా, వేయించినా పోదు.

కోళ్ల దాణాగానో, ఎరువుగానో మార్చవచ్చన్న సూచనలూ ఉన్నాయి. పరీక్ష లేకుండా ఆ పని చేస్తే విషం చేప నుంచి కోడికి, పంటకు మారుతుందే తప్ప మాయం కాదు.

భారం ఎవరిది?

చౌక చేప ఎవరి ఇంటికి చేరుతుందో వేరే చెప్పనక్కర లేదు. కార్మిక వాడల్లో, వలస కూలీల గుడిసెల్లో కొనేది చౌక సరకే. చెరువు మీద ఆధారపడిన ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాలు అమ్ముడుపోని చేపను తామే తింటాయి. నీటిని పాడుచేసింది ఒకరైతే, దాన్ని కడుపులో మోసేది మరొకరు కావడం న్యాయం కాదు. ‘విషపు చేప’ అన్న ముద్ర ఊరకే వేసినా నష్టపోయేది ఆ కుటుంబాలే. మంచి నీటి చెరువులో పట్టిన చేపకు కూడా ధర పడిపోతుంది. భయానికీ, నిర్లక్ష్యానికీ నడుమ దారి ఒక్కటే. అది పరీక్ష.

చేయదగినవి ఇవీ..

చేపలో సీసం, కాడ్మియం, పాదరసం ఎంతవరకు ఉండవచ్చో ఆహార భద్రత ప్రమాణాలు నిర్దేశిస్తున్నాయి. వాటి ప్రకారం చెరువుల వారీగా చేప కండను, అడుగు మట్టిని ఏటా పరీక్షించి, ఫలితాలను గ్రామ పంచాయతీల్లో, సహకార సంఘాల కార్యాలయాల్లో తెలుగులో ప్రకటించాలి. కాలుష్య నియంత్రణ మండలి, మత్స్యశాఖ, ఆహార భద్రత విభాగం ఎవరికి వారుగా కాక కలిసి చేయాల్సిన పని ఇది.

పరీక్షలో నెగ్గిన చెరువుల్లో తిలాపియాను నిరభ్యంతరంగా పట్టి తినవచ్చు. అక్కడ పెద్దవాటిని ఏరుకుని చిన్నవాటిని వదిలేయకుండా, వేసవిలో నీరు అడుగంటినప్పుడు పూర్తిగా వల వేయాలి. ఆ తర్వాతే వానాకాలంలో కొత్త పిల్లలను వదలాలి. 2016-17లో మొదలైన ఉచిత చేప పిల్లల పథకంలో 35-40 మిల్లీమీటర్లు, 80-100 మిల్లీమీటర్లు అని రెండు పరిమాణాలు ఉన్నాయి. పరాయి చేపలున్న చెరువులకు పెద్ద పరిమాణం పిల్లలే తగినవి. రాష్ట్ర చేప కొర్రమట్ట చిన్న చేపలను వేటాడుతుంది కనుక దానికీ చోటివ్వాలి.

నెగ్గని చెరువుల్లోనూ పరాయి చేపను పట్టాల్సిందే. అయితే అది కూర కోసం కాకూడదు. మత్స్యకారులకు పట్టిన శ్రమకు కూలి ఇవ్వాలి. కిలోల లెక్కన బహుమతి ఇస్తే పెంచి తెచ్చేవారు పుట్టుకొస్తారు. పట్టిన చేపను సురక్షితంగా పారవేసే ఖర్చు కలుషితం చేసినవారి నుంచే రాబట్టాలి. అక్వేరియం చేపలను చెరువుల్లో వదలవద్దని దుకాణాల వద్దే హెచ్చరికలు పెట్టాలి. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందిన అమీన్‌పూర్ చెరువు నుంచే ఇది ఆరంభించవచ్చు.

చేపను తినడం మన అలవాటు, దానికి ఎవరి ప్రచారమూ అవసరం లేదు. అవసరమైనది భరోసా. వచ్చే మృగశిర నాటికి కనీసం పటాన్‌చెరు పరిసర చెరువులకైనా పరీక్ష ఫలితాల పట్టిక సిద్ధమైతే, ఏ చేపను పళ్లెంలోకి, ఏ చేపను గోతిలోకి పంపాలో జనమే తేల్చుకుంటారు.